తల వెనక నలుచదరం

సాయిదుర్గ బొమ్మ గీసిన మనిషి నెల తిరక్కుండా పోతాడని ఊరంతా నమ్ముతోంది.

నమ్మకపోవడానికి ఊరికి కారణమేమీ కనిపించలేదు. ఐదో తరగతి చదివే ఆ పిల్ల ఇంతవరకూ ముగ్గురిని గీసింది. మిల్లు వీరన్న పదకొండో రోజున పోయాడు. అచ్చాయమ్మగారు ఇరవయ్యో రోజున పోయారు. రామ్మూర్తి నాలుగు రోజులే ఆగాడు. పైగా మూడు బొమ్మల్లోనూ తల వెనక ఒక నలుచదరం ఉంది. దండ వెయ్యడానికి వీలుగా పిల్ల ముందే ఫొటో ఫ్రేము గీసేస్తోందని పెద్దలు తేల్చారు.

అప్పటినుంచీ సాయిదుర్గ పెన్సిలు పట్టుకుని వీధిలోకి వస్తే అరుగులు ఖాళీ అవుతున్నాయి. దొరబాబు అనే ఆసామి ఒక్కడే ఆ పిల్లను ఆపి మాట్లాడాడు. మండపేటలో ఉన్న తన పెద్దత్తగారిని ఫొటో చూసి గీసినా సరిపోతుందా అని అడిగాడు.

నిజానికి ఇదంతా హేమ టీచరు వల్ల వచ్చింది. ఆ ప్రాథమిక పాఠశాలకు ఆమే టీచరు, ఆమే హెడ్మాస్టరు. రోజూ అమలాపురం నుంచి స్కూటీ మీద వచ్చి, నాలుగింటికి వెళ్లిపోతుంది. ఈ టర్మ్‌లో పిల్లలు చిత్రకళలో ఏమేమి నేర్చుకుంటారో చార్టు మీద రాసి గోడకు అంటించింది. జూన్‌లో గీతలు. జూలైలో ఆకారాలు, రంగులు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ముఖాలు: గంటసేపు కదలకుండా ఉన్న మనిషిని ఎదురుగా చూస్తూ గీయాలి, ఒక్కొక్కరు నాలుగు బొమ్మలు.

గంటసేపు కదలకుండా కూర్చునే తీరిక ఊళ్లో ఎవరికీ లేదు. పిల్లలు సెల్‌ఫోనులో ఫొటోలు చూసి గీసుకొచ్చారు. సాయిదుర్గ ఇంట్లో అలాంటి ఫోను లేదు. వాళ్లమ్మ నాగదుర్గ పది నిమిషాలు కూర్చుని, కొబ్బరికాయలు ఒలిచే పని గుర్తొచ్చి లేచిపోయింది. ఆ తర్వాతే పిల్ల పరీక్ష అట్ట చంకన పెట్టుకుని ఊరి మీద పడింది.

బుధవారం నాడు బడి కమిటీ చైర్మన్ త్రిమూర్తులు వచ్చాడు. సాయిదుర్గ కంటపడకుండా తలుపు చాటున నిలబడి మాట్లాడాడు.

"మేడంగారూ, ఆ పిల్లకి టీసీ ఇచ్చెయ్యండి."

"ఎందుకండీ?"

"ఎందుకంటారేంటండీ! అచ్చాయమ్మగారు మాకు పెద్దమ్మ వరస. ఆవేళ పొద్దున్న రెండిడ్లీలు తిన్నారండి. ఈ పిల్లొచ్చి ఎదురుగా కూచుంది. అంతే!"

"ఇరవై రోజులు పట్టిందన్నారు కదండీ?"

"ఆయ్. ఇడ్లీలు తిన్న మనిషి కదండీ, ఆ మాత్రం ఆగేరు."

పోయిన ముగ్గురిలో ఎవరినీ హేమ ఎన్నడూ చూడలేదు. పేర్లు మాత్రం ఈ నెలలో చాలాసార్లు విన్నది. కిటికీలోంచి చూస్తే సాయిదుర్గ బెంచీ మీద ఒక్కతే ఉంది. పక్కన కూర్చోవలసిన పిల్ల వెనక బెంచీకి మారి వారమైంది. ఈ ఊళ్లో బడి ఇదొక్కటే. టీసీ ఇస్తే ఆ పిల్ల చదువు ఇంతటితో సరి.

"నాలుగో బొమ్మ నాది గీస్తుంది," అంది హేమ. "నెల రోజులు చూడండి. నేనుంటే పిల్ల ఉంటుంది."

"మీరు లేకపోతేనో అండి?"

"అప్పుడు టీసీ మీద ఎవరు సంతకం పెడతారో మీరే చూసుకోండి."

హేమ భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. గురువారం రాత్రి భోజనాల దగ్గర మాత్రం బీమా కాగితాలు ఏ అలమారాలో ఉన్నాయో భర్తకు చెప్పింది. ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్న విషయమే కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

శుక్రవారం ఉదయం వరండాలో స్టూలు వేసుకుని కూర్చుంది. పిల్లలు కిటికీలకు వేలాడారు. పెద్దలు గేటు బయటే ఆగి, తల ఒక్కటే లోపలికి పెట్టారు.

"కదలకండి టీచరుగారూ," అంది సాయిదుర్గ.

హేమ కదలలేదు. ముక్కు మీద ఈగ వాలినా కదలలేదు. ముప్పావుగంట గడిచాక పెన్సిలు తల పైభాగానికి చేరింది. హేమ ఊపిరి బిగబట్టింది. పెన్సిలు పాపిట దిద్ది, చెవి దగ్గరికి దిగింది.

గంట కొట్టే వేళకు బొమ్మ పూర్తయింది. చెవులు కాస్త పెద్దవయ్యాయి. తల వెనక ఏమీ లేదు.

త్రిమూర్తులు గేటు దాటి లోపలికి వచ్చి, బొమ్మను దగ్గరగా చూశాడు.

"ఫ్రేము లేదర్రా! మేడంగారు బతికేరు!"

గేటు దగ్గర అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అందరికంటే ముందు హేమే పీల్చుకుంది. అది గుర్తించి ఆమెకు సిగ్గేసింది.

త్రిమూర్తులుకు ఇప్పుడు ధైర్యం వచ్చింది. సాయిదుర్గ అట్ట క్లిప్పులోంచి పాత బొమ్మలు మూడూ లాగి బల్ల మీద పరిచాడు.

"మేడంగారికి గియ్యలేదు. మరి మా పెద్దమ్మకీ, వీళ్లిద్దరికీ ఎందుకు గీసేవే ఈ ఫ్రేము?"

సాయిదుర్గ అచ్చాయమ్మగారి తల వెనక నలుచదరాన్ని చూసింది. తర్వాత త్రిమూర్తులును చూసింది. పెద్దవాళ్లు అంత తేలిక ప్రశ్న ఎందుకు అడుగుతారో ఆ పిల్లకు అర్థం కాలేదు.

"మంచం మీంచి లేవలేనోళ్లే కదండీ గంటసేపు కదలకుండా ఉండేది, ఇది వాళ్ల తలకింద దిండండి."