పాత శుభలేఖ ఫైలు

"మా యేపు పేర్లు అలాగే ఉంచెయ్ ఝాన్సీ. పెళ్లికూతురి యేపు పేర్లు మారిస్తే సాలు. పోయిన మాఘం ఆగిపోయిన నా పెళ్లి కార్డు నీ కాడే ఉన్నాది కదా," అన్నాడు ధనరాజు. ఉన్న కార్డు ఉండగా మళ్లీ కొత్తది తయారు చేయించడం దండగని అతని సిద్ధాంతం.

గరివిడిలో శుభలేఖలు టైపు చేసే ఝాన్సీ, దసరా బొట్టు ఇంకా చెరగని పాత కంప్యూటర్లో ఆ ఫైలు నొక్కింది. ఫైలు పాడైపోయింది, తెరుచుకోలేదు. పోనీ తీసేద్దామంటే, దాన్ని ఎవరో వాడుతున్నారు, కుదరదు పొమ్మంది కంప్యూటరు.

"ఎవులు వాడతన్నారు?" అన్నాడు ధనరాజు.

"ఇంకెవులు, నువ్వే. ఏడాదైనా ఆ కార్డుని ఒగ్గనేదు కదా బావా."

ఝాన్సీ కంప్యూటర్ని ఆపి, సేఫ్ మోడ్‌లో తెరిచింది. రెండుసార్లు మొరాయించిన ఫైలు మూడోసారికి పోయింది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేసింది.

"హమ్మయ్య, పీడ పోయింది. కొత్తది మొదలెట్టు," అన్నాడు ధనరాజు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

ఝాన్సీ కీబోర్డు మీద వేళ్లు పెట్టింది.

"పెళ్లికూతురి పేరు ఒక్కో అచ్చరం సరిగ్గా సెప్పు బావా. పోయిన మాఘం నా పేరే కాబట్టి, ఎవల్నీ అడక్కుండా టైపు సేసేసినాను."