నక్షత్రానికి అడ్డంగా

హైమవతి మొగుడు కామేశం అంతటి బుద్ధిమంతుడు వీధిలోనే లేడు; సవతిని తెచ్చినా ఆకాశం నుంచే తెచ్చాడు.

సర్కారు ఇంటికో నక్షత్రాన్ని కాపలా కాయమని పంచాక, అంతరిక్షంలోని టెలిస్కోపు పంపే దాని ఎక్స్‌రే వెలుగుల్ని చూస్తూ ఆయన గోడమీది తెరకే అతుక్కుపోయాడు. నక్షత్రం కాస్త వేడెక్కితే ఆయనకు అన్నం సయించదు.

హైమవతికి మొన్నటి నుంచీ జ్వరం. చెబితే "ఊఁ" అన్నాడు. కషాయం తనే కాచుకుని, తనే తాగి, చివరికి కుర్చీ లాక్కెళ్లి నక్షత్రానికి అడ్డంగా కూర్చుంది.

"అయ్యో, మబ్బు పట్టిందే!" అన్నాడు కామేశం, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"అంతరిక్షంలో మబ్బులేమిటండీ? నేనే," అంది వణుకుతూ.

ఆయన లేచొచ్చి ఆమె నుదురు తాకాడు. వెనకాల తెర హెచ్చరికగా మోగింది, నక్షత్రం భగ్గుమంది. ఆయన అటు చూడలేదు.

"తప్పు నాదే హైమా. నీ ఒళ్లు ఇలా కాలిపోతుంటే చూడనేలేదు."