దూరంగా నిలబడ్డ డ్రాగన్

చదివేవాళ్ల ఊహను గోడ మీద చూపించే దీపం ఆ కాలానికి ఇంటింటికీ వచ్చేసింది. రేపు బడిలో ఆ దీపం కిందే డ్రాగన్ కథ చదివే పరీక్ష. బొమ్మ చిన్నదైతే పిల్లను కింది తరగతికి దించేస్తారు. పక్క ఫ్లాటు పిల్లవాడి డ్రాగన్ గోడ చాలక పైకప్పు మీదికి పాకిందట. ఇంట్లో చదివి చూస్తే, నూకరత్నం కూతురు లిఖితది మాత్రం గోడ మూలన బొటనవేలంత ఉంది. పిల్ల మెదడు ఎదగలేదేమోనని తల్లి ఆలోచన అప్పుడే ఆసుపత్రి దాకా వెళ్లిపోయింది.

“ఏటే ఇది, బల్లిపిల్లలాగ? పుస్తకంలో కొండంత అని లేదేటి?”

“కొండంతేనమ్మా. దూరంగా ఉంది, అంతే.”

“దూరంగా ఎందుకే?”

“దగ్గరకొస్తే నువ్వు జడుసుకుంటావు కదా. మొన్న బొద్దింకకే మంచమెక్కేశావు. అందుకే అక్కడే ఉండమన్నాను.”

నూకరత్నం కూతురి పక్కన చేరి, దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“రమ్మను.”

లిఖిత చదవసాగింది. డ్రాగన్ నడిచి నడిచి దగ్గరకొచ్చింది. చివరికి గోడంతటికీ దాని ఒక్క కన్నే పట్టింది.

ఒళ్లంతా వణుకుతూనే ఉంది గాని, నూకరత్నం కళ్లు మూసుకోలేదు.