రొయ్యకు కాపలా చేప

“పగడం రాయి కాదండీ. ప్రాణి.”

కిటికీలోంచి వచ్చిన ఆ మాటకు వాదిరాజ్ మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

బయట నిచ్చెన మీద సున్నం వేసే మనిషి. పేరు వీరబాబు. చంద్రబండ బడికి రంగులు వేయడానికి సింధనూరు మేస్త్రీ కోటి వెంట నిన్ననే వచ్చాడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు.

“నీకెట్ల ఎరుక?” అన్నాడు మాస్టారు.

“చూశానండీ. నీళ్ల కింద అదో ఊరు. ఆ పగడాల సందుల్లో ఎన్ని ప్రాణులో! కన్నం తవ్వేది రొయ్య. దానికి చూపానదు. అందుకని గుమ్మం కాడ ఓ చేప కాపలా ఉంటది. శత్రువొస్తే తోకాడిస్తది. రెండూ లోపలికి!”

“ఇంకా?” అంది ముందు వరసలో అక్షత.

“చిలక ముక్కు చేపలుంటాయమ్మా. పగడాన్ని పటపటా కొరికి తిని, ఇసకగా వదుల్తాయి. పెద్ద చేప నోరు తెరిస్తే చిన్నది లోపలికెళ్లి పళ్లు శుభ్రం చేస్తది. పెద్దది మింగదు.”

కిటికీ అవతల పత్తిచేను గాలికి ఊగుతుంటే, ఆకుల మధ్య ఏవో రంగులు ఈదుతున్నట్టు తోచింది మాస్టారికి. ఎండ కూడా నీలంగా కనిపించింది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

అలా మైమరచినందుకే ఆయనకు ఒళ్లు మండింది. పన్నెండేళ్లుగా పగడం రాయనే చెబుతున్నాడు మరి.

“గోడకు సున్నం పెట్టు. పిల్లల చెవులల్ల పువ్వులు పెట్టకు!”

వీరబాబు తలవంచుకుని కుంచె అందుకున్నాడు.

సాయంత్రం మాస్టారు కోటిని పిలిచి, “రేపటి సంది గా మనిషి వద్దు” అన్నాడు.

మర్నాడు నిచ్చెన మీద మరొకరు.

“సార్, గా పెద్దయ్య ఏడికి పోయిండు?” అక్షత అడిగింది.

“ఊరికి పోయిండమ్మా,” అన్నాడు, ఆ పిల్ల మొహం చూడకుండా.

నెల తర్వాత రాయచూరులో ఉపాధ్యాయులకు శిక్షణ. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సముద్ర పరిశోధకురాలు తెర మీద బొమ్మలు చూపిస్తోంది.

కన్నంలో రొయ్య. గుమ్మంలో చేప.

వాదిరాజ్ గబగబా వరండాలోకొచ్చి కోటికి ఫోన్ చేశాడు.

“గా వీరబాబు ఏడున్నడు?”

“మీరొద్దన్న రోజే బస్సెక్కేశాడండి. ఏ ఊరో చెప్పలేదు.”

లోపలికొచ్చేసరికి తెర మీద ఆఖరి బొమ్మ. వేలెడంత చేప.

“మొన్నటిదాకా దీన్ని లోకంలో ఎవరూ ఎరగరు,” అంటోందావిడ. “అండమాన్‌లో మాతో ఇరవై ఏళ్లు నీళ్లలోకి దిగినాయన దీన్ని వెతికి పట్టాడు. ఊపిరితిత్తులు దెబ్బతిని పని మానేశాడు. ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. తన పేరు తను రాసుకోవడం కూడా రాదాయనకు; అందుకే, లోకమంతా రాసేలా, ఈ చేపకు వీరబాబు అని పేరు పెట్టాం.”