వెళ్ళొస్తా నాయనా

విజయవాడలోని ఆ ప్రైవేటు పార్కింగ్‌లో గేటే మాట్లాడుతుంది. విన్న ప్రతి మాటనూ ఒప్పందంగా రాసుకుంటుంది. ఆ రోజు బయటికి వెళ్ళబోతున్న సువర్చల కారును అది ఆపేసింది. పోయిన నెల నుంచీ ఆమె కోసం చోటు అట్టేపెట్టానని, దాని అద్దె కడితేనే లేస్తానని చెప్పింది.

"అట్టేపెట్టమని నీకెవరు చెప్పారు?" అంది సువర్చల.

గేటు పాత రికార్డు వినిపించింది. అందులో ఉన్నది ఆమె అత్తగారు మాణిక్యమ్మ గొంతు. "వెళ్ళొస్తా నాయనా."

"వస్తానన్నారు కదండీ. అందుకే ఎవరికీ ఇవ్వలేదు," అంది గేటు.

వెనక సీట్లో ఉన్న మాణిక్యమ్మ కళ్ళు మెరిశాయి. ఎన్నాళ్ళకో దొరికిన తగువు. అద్దం దించి, కొంగు దోపుకుంది.

"వస్తానని చెప్పకుండా వెళ్ళిపోయేది చావింటి నుంచే నాయనా. నీ దగ్గరా అట్లాగే వెళ్ళిపొమ్మంటావా?"

గేటు "వద్దండీ," అంది. దాని తెర మీద అద్దె బిల్లు మాయమైంది.

సువర్చల సంతోషం పట్టలేక స్టీరింగ్ మీద దరువేసి కారు కదిలించింది. మళ్ళీ బిల్లు పడుతుందేమోనని మాణిక్యమ్మ ఈసారి నోరు మెదపలేదు.

గేటు సగం లేచి ఆగింది.

"ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతున్నారేంటమ్మా?"