మల్లమ్మ పై పోర్షన్

మల్లమ్మ గేటు గొళ్లెం తీసింది. బయట శాంత, ఆమె పక్కన ఒకాయన, వెనక ఒక పెద్దావిడ నిలబడి ఉన్నారు.

ఈ ఇల్లూ చేజారితే శాంతకు ఇక పోవడానికి చోటు లేదు. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఇల్లుగలాయన ఆదివారంకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. పెంచిన కిరాయి ఇచ్చేవాళ్లు బోలెడుమంది ఉన్నారట. సినిమా పనుల కోసం గోదావరి వైపు నుంచి వచ్చి ఆ సందులో కుదురుకున్నవాళ్లంతా ఇప్పటికే టోలిచౌకికీ, ఇంకా అవతలికీ చెదిరిపోయారు. షూటింగ్ బట్టలకు ఇస్త్రీ చేసే శాంతే ఆఖరు.

షేక్‌పేటలో ఈ పై పోర్షన్ బాగానే ఉంది. కానీ ఇల్లుగలామె మల్లమ్మను చూస్తేనే భయం. ఒక్కో మనిషినీ ఎగాదిగా చూసింది.

"ఒంటరి ఆడోళ్లకు ఇయ్యనమ్మా, ముందుగాల్నే చెప్తున్న. మొన్న ఒకామె అబద్ధాలాడి దిగింది. తెల్లారి సామాన్లు రోడ్డు మీద పెట్టిచ్చిన."

వెనకున్న పెద్దావిడ చటుక్కున అందుకుని, కోడలు బంగారమనీ, తనకు కాఫీ ఇచ్చిగానీ పనికి కదలదనీ పొగడ్తలు మొదలుపెట్టింది. ఆయన మాత్రం నీళ్లెప్పుడొస్తాయని అడిగి, ట్యాంకు చూసొస్తానంటూ మేడెక్కాడు. పెద్దావిడ కూడా వంటగది చూడ్డానికి లోపలికి నడిచింది.

ఇద్దరే మిగిలారు. మల్లమ్మ దగ్గరికి జరిగింది.

"మీ ఆయన పేరేంది?"

శాంత తల వంచుకుంది. కొంగు అంచు వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

మల్లమ్మ మొహంలో బిగువు సడలింది. పకపకా నవ్వింది.

"మొగని పేరు నోటితోని చెప్పవా? మా అమ్మ గూడ గిట్లనే ఉండె. గీ కాలంల నీ అసుంటి పిల్లలు యాడున్నరు బిడ్డా."

అంతే, తాళంచెవి చేతిలో పెట్టేసింది. శుక్రవారం మంచిదట, ముగ్గురూ వచ్చి పాలు పొంగించాలట. తనకూ పొద్దుపోదు గనక, రోజూ సాయంత్రం అత్తగారిని కిందికి పంపమంది. శాంత అన్నిటికీ తలూపింది.

సందు మలుపు దాకా ముగ్గురూ కలిసి నడిచారు. మల్లమ్మ ఇల్లు కనుమరుగయ్యాక శాంత ఆగి, ఆయన వైపు తిరిగి మెల్లగా అడిగింది: "ఇంతకీ మీ పేరేంటండీ?"