తయారు చేసినవారి పేరు

ఉప్పు డబ్బా పొయ్యికి కుడివైపు ఉండాలా ఎడమవైపా అన్న దగ్గర మొదలైంది ఆ పూట గొడవ.

"ఎన్నిసార్లు చెప్పాలె అత్తమ్మా, డబ్బా ఎడమ పక్కకు పెట్టొద్దని" అంది శిరీష.

"నా కుడిచెయ్యి ఖాళీగ ఉంటే కద బిడ్డా" అంది అమృతమ్మ.

ఆమె కుడిచేతిలో మసి పట్టిన రాగి పళ్లెం ఉంది.

తార్నాకలోని ఆ ఇంటి వెనక వసారాలో రోజూ మధ్యాహ్నం ఆముదం దీపం వెలుగుతుంది. గుంటగలగరాకు రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డ వత్తి, పైన బోర్లించిన పళ్లెం. దాని ముందు మూడు గంటలు కూర్చుని, పట్టిన మసిని గీరి, నెయ్యి వేసి నూరి, ఆ కాటుకను డబ్బీలకెత్తుతుంది అమృతమ్మ. తల్లి నేర్పిన పని. పొగకు ఆమె కళ్లెప్పుడూ ఎర్రగానే ఉంటాయి. డబ్బీ మీద మాత్రం 'శిరీష హ్యాండ్‌మేడ్' అని ఉంటుంది.

దానికామె ఏనాడూ నొచ్చుకోలేదు. కోడలు తిరిగి అమ్ముకొస్తోంది, పేరు పెట్టుకుంటే పెట్టుకోనీ అనుకుంది. కిందటి నెల వరకు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో నెలనెలా చేతిపనుల మేళా జరుగుతుంది. కిందటి నెల సాయానికని అత్తను వెంట తీసుకెళ్లింది శిరీష. ఒక ప్రొఫెసరమ్మ కాటుకను చేతి మీద గీసి చూసుకుంది. "ఇంత నలుపు ఎలా వస్తుందమ్మా?" అని అమృతమ్మనే అడిగింది. ఆమె నోరు తెరిచేలోపు శిరీష అందుకుంది.

"అది నా సీక్రెట్ మేడమ్. ఆమెకేం తెల్వది. మా ఇంట్ల పనామె. డబ్బీలు తుడుస్తది."

అమృతమ్మ డబ్బీ తుడుస్తూనే ఉంది. చెయ్యి ఆగలేదు. ఆ మాట మాత్రం లోపల మసిలా పట్టుకుంది. గీరినకొద్దీ ఇంకా పట్టింది.

మూడు వారాలకు శిరీష పేరిట రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. ఆమె భర్త కమలాకర్ పైకి చదివాడు.

'మీ కాటుక వల్ల నా రెండు కళ్లూ చెడిపోయాయి. రెండు లక్షలు పరిహారం ఇవ్వాలి. లేదా ఆ కాటుక చేసింది ఎవరో మేళా కమిటీకి సంతకం పెట్టి రాసివ్వాలి. రాసిస్తే మిమ్మల్ని వదిలేసి, చేసినవాళ్లతోనే తేల్చుకుంటాను. భూదేవి, లాలాగూడ.'

"ఎవరీ భూదేవి?" శిరీష మొహం పాలిపోయింది.

"అమ్మా, నువ్వు పుట్టింది గాడనే కద. నీకెరికేనా?" అన్నాడు కమలాకర్.

"చిన్నప్పుడు గా పేరుతోని ఒక పిల్ల ఉండె. పెండ్లయి పోయింది. మల్ల చూడలె" అంది అమృతమ్మ.

శిరీష తొందరగానే తేరుకుంది. "నాకేం ఫికర్? ఇన్సూరెన్స్ ఉన్నది."

కమిటీ వాళ్లు పట్టుబట్టి స్టాళ్లవాళ్లందరి చేతా తీయించిన లయబిలిటీ పాలసీ అది. సరుకు వల్ల ఎవరికైనా హాని జరిగితే పరిహారం కంపెనీ కడుతుంది.

కంపెనీ నుంచి గంగాధర్ అనే ఆఫీసరు వచ్చాడు. శిరీష నింపిన ఫారం తీశాడు. 'తయారు చేసినవారి పేరు' అన్నచోట ఆమె పేరే ఉంది.

"ఏం నూనె వాడతారు మేడమ్?"

"ఆముదం."

"మసి పట్టడానికి ఎంతసేపు?"

"అది... ఎండను బట్టి ఉంటది సార్."

"పళ్లెం దేనిది?"

శిరీష వంటింటి వైపు చూసింది. లోపల అమృతమ్మ తల ఎత్తకుండా బియ్యం ఏరుకుంటోంది.

"స్టీలుది."

వసారాలో బోర్లించి ఉన్న రాగి పళ్లెం గంగాధర్‌కు కూర్చున్నచోటు నుంచే కనిపిస్తోంది. ఫారం మడిచాడు.

"చేసింది మీరైతేనే ఈ పాలసీ పనిచేస్తుంది. కాదని తేలితే మేం పైసా కట్టం. ఇప్పుడే నిజం రాసిచ్చారంటే పాలసీ రద్దు చేసి ఊరుకుంటాం."

"మరి రెండు లక్షలు నేను కట్టాల్నా?"

"చేసినవాళ్లెవరో చెబితే వదిలేస్తానని ఆవిడే రాశారు కదా."

శిరీష ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మొదటి డబ్బీ నుంచి నేటి వరకు ఈ కాటుకంతా మా అత్త అమృతమ్మ ఒక్కతే చేసింది, నాకు చేయడం రాదు, అని రాసి సంతకం పెట్టింది. ఒక కాపీ గంగాధర్‌కిచ్చి, ఇంకోటి ఆ సాయంత్రమే కమిటీకి అందజేసింది.

"అమ్మ మీదికి రాదా గిది?" అన్నాడు కమలాకర్ మెల్లగా.

"అత్తమ్మ దగ్గర ఏమున్నదని తీస్కపోతరు?"

గోడ అవతల అమృతమ్మ ఆ మాటా విన్నది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కమిటీ పంపిన జవాబు కమలాకర్ చదివాడు. చేసినవారికే స్టాల్ అన్నది మేళా నియమం కనుక, ఇకపై అది అమృతమ్మగారి పేరిట ఉంటుంది.

శిరీష నవ్వింది. "స్టాల్ అత్తమ్మదే, లొల్లి అత్తమ్మదే. ఆ భూదేవితోని ఎట్ల తేల్చుకుంటరో తేల్చుకోండ్రి."

అమృతమ్మ కోడలి కంచంలో పప్పు వడ్డించింది.

"వచ్చే మేళాల ముందట నేను కూసుంట. నువ్వు ఎనక కూసోని డబ్బీలు తుడువు" అంది. "ఎవలన్న అడిగితే పనామె అని చెప్ప, కోడలనే చెప్త. ఇగ ఆ భూదేవి అంటవా, పెండ్లినాడు అత్తగారింటోళ్లు అమృతమ్మ అని మార్చెదాక అది నా పేరే."